సముద్రానికి సంజాయిషీ నోటీసు

చక్రధర్‌ది రాతి కడుపు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నదీ కాదు, డాక్టర్లు తేల్చిందీ కాదు. చక్రధరే స్వయంగా చెప్పుకున్నాడు. ఉద్యోగానికి ఇంటర్వ్యూలో ఓసారి చెప్పాడు, చేరినరోజు క్యాంటీన్లో ఓసారి చెప్పాడు, ఆ ఏప్రిల్ పొద్దున్న గురయ్య పడవెక్కుతూ లంగరుతాడు మీద కాలేసి మరీ చెప్పాడు.

"సముద్రం పడకపోవడం అనేది నా ఒంట్లోనే లేదు తాతా. మా అమ్మ నన్ను అలల మీద కన్నదనుకో."

"ఏ రేవులో బాబూ?" అన్నాడు గురయ్య ఇంజను తాడు లాగుతూ.

"రేవంటే... పాలకొండలో. కానీ నువ్వలా అనుకో."

గురయ్య అలాగే అనుకున్నాడు. రేవు దాటి ముప్పావుగంట అయిందో లేదో, ఆ రాతి కడుపులోంచి పొద్దున తిన్న నాలుగిడ్లీలు, వాటితోపాటు రాత్రి తిన్న ఉప్మా, తిరిగొచ్చేశాయి.

అసలు ఈ కుర్రాడు సముద్రం మీదికెందుకెళ్ళాడో చెప్పాలి కదా. చింతరేవులో నౌకా సాగర పరిశోధనాలయం అని ఒకటుంది. జనానికి అంత పేరు నోరు తిరగదు గనక 'సముద్రమాఫీసు' అంటారు. సముద్రం ఎక్కడ ఎంత లోతుందో, అడుగున బురదుందో రాయుందో కొలిచి, పటాలు గీసి నౌకాదళానికి ఇవ్వడం దాని పని. దానికో సొంత ఓడ ఉంది. సముద్రంలోకి తీసుకెళితే తుప్పు పడుతుందని నాలుగేళ్ళుగా దాన్ని రేవులోనే కట్టేసి ఉంచారు. అందుకని వేట నిషేధం రోజుల్లో ఖాళీగా ఉండే గురయ్య పడవని అద్దెకి తీసుకుని, దాని పక్కన లోతు కొలిచే యంత్రం బిగించి, ప్రొబేషన్‌లో ఉన్న చక్రధర్‌ని ఎక్కించారు. యంత్రం కిందికో చప్పుడు పంపిస్తుంది. అడుగు తాకి ఆ చప్పుడు తిరిగొచ్చేసరికి లోతు ఎంతో అంకె చూపిస్తుంది. ఆ అంకెల్ని దానంతటదే అచ్చేసే కాగితం చుట్ట అయిపోయి ఏడాదిన్నరైంది. ఇండెంటు పెడితే, పాతచుట్ట ఎక్కడో చూపించమని వెనక్కొచ్చింది. అంచేత పటం మీద గీసిన గీత వెంబడి పడవ పోతుంటే, నిమిషానికో అంకె చొప్పున చక్రధర్ చేత్తోనే పుస్తకంలో రాయాలి.

అరవై మీటర్లు. అరవై ఒకటి. అరవై. అక్కడిదాకా రాశాడు. ఆ తర్వాత కలం అటు, కడుపు ఇటు.

"బాబూ, ఆ మిసను కేసి సూడకు, నీల్లకేసీ సూడకు," అన్నాడు గురయ్య వచ్చి తల పట్టుకుని. "అదిగో, ఒడ్డున మూపురంకొండ. దానికేసి సూడు. కదలనిదాన్ని సూస్తే కడుపు కుదురుతాది."

చక్రధర్ చూశాడు. ఎద్దు మూపురంలాగా ఉన్న ఆ కొండని, దాని నెత్తిన పంచాయతీవాళ్ళు కట్టిన నీళ్ళ ట్యాంకుని, రెప్ప వెయ్యకుండా నలభై నిమిషాలు చూశాడు. కన్నతల్లిని కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు. కాసేపటికి గురయ్య వెనక్కెళ్ళి చుక్కాని పట్టుకున్నాడు. తర్వాత పడవ తిప్పుతూ, "ఈ గీత అయిపోనాది బాబూ," అని కేకేశాడు.

పుస్తకం చూస్తే నలభై గళ్ళు ఖాళీ. ఖాళీగా ఇస్తే రేపు మళ్ళీ ఇదే గీత, ఇదే పడవ, ఇవే ఇడ్లీలు. చక్రధర్‌కి చెమటలు పట్టాయి. బుర్రలో ఒక్క అంకె లేదు. బుర్రంతా కొండే. చెయ్యి దానంతటదే కదిలింది. యాభై ఎనిమిది, యాభై ఒకటి, నలభై... అలా ఎక్కించుకుంటూ పోయి, మూపురం దగ్గరికొచ్చేసరికి తొమ్మిది మీటర్ల లోతు అని రాశాడు. ట్యాంకు దగ్గర ఓ క్షణం ఆగాడు. వదిలేద్దామా? ఛ, బొమ్మ గీసేవాడికి నిజాయితీ ఉండాలి. నాలుగు, నాలుగు, నాలుగు అని మూడు నిమిషాలు ట్యాంకు కట్టి, మళ్ళీ తొమ్మిదికి దింపి, అటువైపు వాలు కూడా దిగిపోయాడు.

పైగా వాడి లెక్క ఒకటుంది. ఆఫీసులో ఈ పుస్తకాన్ని ఏడుగురు తనిఖీ చేస్తారు. ఎవడో ఒకడు పగలబడి నవ్వి, నెత్తిమీద ఒకటి మొట్టి, కొట్టేస్తాడు. క్యాంటీన్లో చెప్పుకోడానికి వారం రోజులపాటు ఓ ముచ్చట.

ఏడుగురూ సంతకాలు పెట్టేశారు.

*

"మిత్రులారా!" అన్నారు డైరెక్టర్ డాక్టర్ వేమకోటి పశుపతిరావుగారు, సమావేశపు గదిలో లేచి నిలబడి. ఆయన సముద్రం మీద ముప్పై ఒక్క పరిశోధనా పత్రాలు రాశారు గానీ, మోకాలి పైకి ఎన్నడూ తడవలేదు. "అరవై మీటర్ల నీళ్ళలో యాభై ఆరు మీటర్ల పర్వతం! తీరానికి పట్టుమని పదకొండు కిలోమీటర్లు లేదు! తాతముత్తాతల నుంచీ పడవలు తిరుగుతున్నా ఎవరికీ తగల్లేదంటే, దాని అర్థమేమిటి?"

లేదని అర్థం సార్, అని చక్రధర్ నాలుక చివరిదాకా వచ్చింది.

"మనం అంతవరకూ వెతకలేదని అర్థం!" అన్నారు డైరెక్టర్‌గారు. చప్పట్లు.

పటం మీద శిఖరాన నలుచదరంగా ఉన్న బుడిపెని ఆయన బెత్తంతో తట్టారు. "గమనించండి. ఇది అగ్నిపర్వతపు కంఠంలో గట్టిపడ్డ లావా. దీన్నిబట్టి పర్వతం వయసు సుమారు ఆరు కోట్ల సంవత్సరాలని నేను నిర్ధారించాను."

చక్రధర్ దాన్ని పుట్టించి అప్పటికి పన్నెండు రోజులు.

ఈ ఆఫీసులో ఒక్కడు కిటికీలోంచి చూసినా గుట్టు రట్టయ్యేదే. మూపురంకొండ ఎదురుగుండానే ఉంది. కానీ సముద్రపు గాలికి ఫైళ్ళు చెమ్మగిల్లుతున్నాయని ఆ వైపు కిటికీలన్నీ పదేళ్ళ కిందటే ఇటుకలు పేర్చి మూసేశారు. ఇక బయటివాళ్ళు చూద్దామంటే, పటం మీద 'అతి రహస్యం' అని ముద్ర.

పేరు పెట్టడానికి ఒక సంఘం వేశారు. అందులో ఎవరి తాత పేరు వాళ్ళు చెప్పారు. మూడో రోజు డైరెక్టర్‌గారు, "నేనుంటే మీరు మొహమాటపడతారు," అని లేచి వెళ్ళి తలుపు అవతల పదకొండు నిమిషాలు నిలబడ్డారు. పన్నెండో నిమిషంలో దానికి 'పశుపతి శిఖరం' అని పేరొచ్చింది. ఆయన లోపలికొచ్చి ఆశ్చర్యపోయారు.

ఆ తర్వాత పని ఏ.ఓ. గారి చేతికి వచ్చింది. ఏ.ఓ. అంటే పరిపాలనాధికారి, దామెర దత్తాత్రేయులుగారు. మనిషి సన్నంగా ఉంటారు. రూలు లేకపోతే తుమ్మరు. ఆయన రాసిన మొదటి సర్క్యులర్ ఇది:

'పైన ఉదహరించిన శిఖరమునకు రాపిడి, గీత, తాకిడి మొదలగునవి కలుగకుండునట్లు, దాని చుట్టూ అయిదు కిలోమీటర్ల మేర పడవలు, వలలు, గేలములు ప్రవేశించరాదని తెలియజేయడమైనది.'

వేట నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. పదిహేను నుంచి కోనాం చేపల గుంపులు సరిగ్గా ఆ చోటికే వస్తాయి. చింతరేవులో ఉన్న తొంభై పడవలకీ ఏడాది తిండి ఆ రెండు మూడు నెలల్లోనే.

*

"ఏటి బాబూ, మా నీల్లల్లో కొండెట్టినారట?"

ఆఫీసు గేటు దగ్గర చేపలమ్మే నూకరత్నం అడిగింది. గురయ్య పెళ్ళాం. బుట్టలో ఎండు కవ్వళ్ళ చేపలు తప్ప ఏమీ లేవు. జూన్ ఇరవై దాటింది.

చక్రధర్ చెప్పుల వైపు చూసుకుంటూ, "అది... అక్కడే ఉందట మామ్మా. ఆరు కోట్ల ఏళ్ళుగా," అన్నాడు.

"ఒలమ్మో! అయితే మా ఆయన నిరుడు దానిమీద్నించే వలేసి నూటేబై కోనాలట్టుకొచ్చాడే! ఆ సేపలు కొండెక్కి తిరుగుతన్నాయేటి, మేకల్లాగ?"

గేటు దగ్గర సెంట్రీ కూడా నవ్వాడు. చక్రధర్ నవ్వలేదు. ఇలాంటి మాట ఇంకోళ్ళ గురించి వింటే మూడు వీధులు తిరిగి చెప్పేవాడు.

ఈ మాట ఏ.ఓ. గారి చెవిన పడింది. మర్నాడే గురయ్యకి నోటీసు. 'తమరు గత సంవత్సరము అనుమతి లేకుండా పర్వతము లోపలనుండి వల లాగినట్లు తెలియవచ్చినది. ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను.'

గురయ్య ఆఫీసుకొచ్చాడు. భుజాన తాడుచుట్ట, తాడు చివర సీసపు గుండు, గుండు అడుగున అరచేతిలో పట్టేంత బట్టలసబ్బు. అదీ వాళ్ళ తాతల నాటి పద్ధతి. గుండు నీళ్ళలోకి వదులుతారు, అడుగు తగిలాక తాడుని బారలు బారలుగా కొలుస్తూ పైకి లాగుతారు. అడుగున బురదుంటే సబ్బుకి బురద అంటుకొస్తుంది, ఇసకుంటే ఇసక, రాయైతే సొట్ట.

"బాబూ, పొద్దున్న మీరు గీసిన గిరి అంచునుంచి ముప్పయ్యారు బారలు దింపినాను," అన్నాడు గురయ్య, సబ్బు చూపిస్తూ. "ఇదిగో, పచ్చబురద. కొండేటీ లేదు. కొండ మీద బురదేటి?"

అంచు మీదేం ఖర్మ, తిన్నగా నడిమధ్యకే వెళ్ళొచ్చాడని ఆ గదిలో అందరికీ తెలుసు. ఒప్పుకుంటే ఇంకో నోటీసు రాయాలి గనక ఎవరూ అడగలేదు.

"ఈ బురద మీద తేదీ ఏదీ?" అన్నారు ఏ.ఓ. గారు.

"బురదమీద తేదీ ఏటి బాబూ?"

"అదీ సంగతి. పోనీ, బార అంటే ఎంత?"

గురయ్య రెండు చేతులూ చాపాడు. "ఇంత."

ఏ.ఓ. గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అది పరికరం. తనిఖీ కాని పరికరంతో కొలిచిన లోతు చెల్లదు. ముందు మిమ్మల్ని తనిఖీ చెయ్యాలి."

మర్నాడు ముగ్గురు సభ్యుల సంఘం కూర్చుంది. గురయ్యని గోడకి ఆనించి, చేతులు చాపించి, పొద్దున ఓసారి, భోజనం ముందు ఓసారి, భోజనం తర్వాత ఓసారి కొలిచారు. ఊపిరి బిగబట్టించి ఓసారి, వదిలించి ఓసారి కొలిచారు. ఈగ వాలి గోక్కుంటే మళ్ళీ మొదట్నించీ కొలిచారు. టేపు పట్టుకునే పని చక్రధర్‌దే. ప్రతిసారీ గురయ్య వాడి మొహంలోకి చూసి, "కడుపు బాగుందా బాబూ?" అని అడిగేవాడు. అంతే. వాంతుల మాట పైకి ఎత్తలేదు. ఆ అడగడమే చక్రధర్‌కి దెబ్బలా తగిలేది.

సాయంత్రానికి ధ్రువపత్రం తయారైంది. 'మైలపల్లి గురయ్య యొక్క బార నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు. ఏడాది వరకు చెల్లును. ఈలోగా సదరు గురయ్య చేతులు అతిగా చాచుట, బరువులెత్తుట, ఎవరినైనను కౌగిలించుకొనుట నిషిద్ధము.'

చదివి వినిపిస్తే నూకరత్నం బుట్ట కిందపెట్టి, "రాసుకోండి బాబూ, రాసుకోండి. ఆ ఆకరిది ముప్పయ్యేళ్ళుగా పాటిత్తనే ఉన్నాడు," అంది.

ముప్పయ్యారుని నూట అరవై ఎనిమిదితో హెచ్చవేస్తే అరవై మీటర్లు పైచిలుకు వచ్చింది. అంటే గురయ్య చెప్పిందే నిజం. చక్రధర్ గుండె తేలికపడింది. ఇంకేముంది, కొండ పోయినట్టే, కొట్టేస్తారు, తన పేరు రాకుండానే గండం గట్టెక్కింది అనుకున్నాడు.

ఏ.ఓ. గారు మూడు కాగితాలు బల్ల మీద వరసగా పెట్టుకున్నారు.

"ఇది పటం. ఏడు సంతకాలున్నాయి, కాబట్టి తప్పు కాదు. ఇది గురయ్యగారి ధ్రువపత్రం. మూడు సంతకాలున్నాయి, ఇదీ తప్పు కాదు." మూడోది తెల్లకాగితం. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించారు. "ఇది సముద్రం. దీనికి ఒక్క సంతకం కూడా లేదు."

కాగితాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టారు.

"తప్పు సముద్రానిదే," అన్నారు ఏ.ఓ. గారు.

*

రెండో సర్క్యులర్ మొత్తం చదివే ఓపిక ఎవరికీ ఉండదు గానీ, అందులో అసలు వాక్యం ఇది: 'ఆమోదిత పటమునకును సముద్రమునకును భేదము వచ్చినచో, పటమే ప్రామాణికము. సముద్రమును తగు విధముగా సరిచేయించవలెను.'

సరిచేసే ముందు సంజాయిషీ అడగడం న్యాయం. కాబట్టి సముద్రం పేర నోటీసు తయారైంది. 'తమ అధీనములోనున్న పశుపతి శిఖరమును తగు కారణము లేకుండా కనబడనీయకుండుటకు పదిహేను దినములలోగా లిఖితపూర్వక సంజాయిషీ ఇవ్వవలెను.' ఇక్కడో చిక్కు. ఎవరికి అందించాలి? ఏ.ఓ. గారు ఆలోచించి, ఆసామి దొరకనప్పుడు గుమ్మానికి అంటించవచ్చని రూలు చూపించారు. సముద్రానికి గుమ్మం ఒడ్డే కదా. ఇసకలో కర్ర పాతి, నోటీసు అంటించి, సాక్షిగా చక్రధర్‌ని పక్కన నిలబెట్టారు.

మధ్యాహ్నానికి పోటు వచ్చింది. ఓ అల నోటీసు చుట్టూ తిరిగింది, ఇంకో అల కర్రతో సహా పట్టుకుపోయింది.

ఏ.ఓ. గారు జోళ్ళు చేత్తో పట్టుకుని, పాంటు మడిచి, నిలబడే రాసుకున్నారు. 'నోటీసు స్వయముగా అందుకొనినారు. సంతకము చేయ నిరాకరించినారు.'

పదిహేను రోజులు గడిచాయి. సముద్రం జవాబివ్వలేదు. ఎప్పటిలాగే వచ్చింది, వెళ్ళింది. అది నిర్లక్ష్య వైఖరి కిందికి వస్తుందని ఫైల్లో ఎక్కింది.

జూలై సగమైంది. కోనాం గుంపులు ఎవరూ ముట్టుకోకుండా తిరుగుతున్నాయి. కోస్టు గార్డు పడవ ఒకటి కొండని కాపలా కాస్తోంది. చింతరేవులో పొయ్యిలు ఒంటిపూట వెలుగుతున్నాయి. నూకరత్నం గేటు దగ్గర బుట్ట బోర్లించుకుని దానిమీద కూర్చుంటోంది. అమ్మడానికేమీ లేకపోయినా వస్తోంది.

"అమ్మేదేటీ లేదుగా, ఎందుకొస్తున్నావు మామ్మా?" అని అడిగాడు చక్రధర్.

"మా నీల్లల్లో కొండ తీసేత్తే, ముందు నాకే తెలవాల గదా," అందామె.

ఆ రోజు చక్రధర్ ధైర్యం కూడగట్టుకుని డైరెక్టర్‌గారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, ఒకవేళ... ఆ కొండ... నేను రాయడంలో ఏదైనా..."

"చక్రధర్!" ఆయన లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "నీ ప్రొబేషన్ సెప్టెంబరులో పూర్తవుతుంది కదూ? నువ్వు వినయంగా ఉండకోయ్. కనుక్కున్నవాడివి నువ్వు. ఆ పర్వతం ఉన్నంతకాలం నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

నోరు తెరిచినవాడు తెరిచినట్టే బయటికొచ్చాడు.

వారం తిరక్కుండా మూడో సర్క్యులర్ వచ్చింది. సముద్రం తనంతట తాను సరిదిద్దుకోలేదు గనక, ప్రభుత్వమే దాన్ని పటానికి అనుగుణంగా తీర్చిదిద్దాలని నిర్ణయించారు. అంటే, శిఖరం ఉండాల్సిన చోట శిఖరం కట్టాలి. పటంలో ఎంత ఎత్తుందో అంత ఎత్తు, ఎంత వాలుందో అంత వాలు, పైన నలుచదరపు బుడిపెతో సహా. రాళ్ళు నౌకల్లో తీసుకెళ్ళి పొయ్యాలి. దగ్గర్లో అంత రాయి ఎక్కడుంది?

మూపురంకొండలో ఉంది.

కొండని పేల్చి, సముద్రంలో పోసి, కొండ కట్టాలి. మొదటి పేలుడు ఆగస్టు రెండో తేదీ, పొద్దున పదింటికి. డైరెక్టర్‌గారే మీట నొక్కుతారు.

చింతరేవులో ఆ వార్త విన్నాక ఎవరూ అరవలేదు. చేపల కోసం అరిచిన అరుపులు ఎప్పుడో అయిపోయాయి. ఇది వేరు. పడవలోంచి చూస్తే, ఒడ్డునున్న ఐసు ఫ్యాక్టరీ గొట్టం మూపురం నడిమధ్యకి వచ్చిందంటే కోనాం చోటు. గొట్టం ఎడమకి జరిగిందంటే ఇంటి దారి. నడిసముద్రంలో వాళ్ళకి ఊరంటే ఆ కొండే.

"ఫోన్లో చూపిస్తుంది కదా తాతా దారి?" అన్నాడు చక్రధర్ ఏదో ఒకటి అనాలని.

"సూపిత్తాది బాబూ," అన్నాడు గురయ్య. "ఫోను తడిత్తే సచ్చిపోద్ది. కొండ ఎంత తడిసినా సావదు."

*

ఆగస్టు రెండు. కొండ మొదట్లో షామియానా, సముద్రానికి వీపు పెట్టి కుర్చీలు, వేదిక మీద పన్నీరు చల్లే బుడ్డి. వేదిక వెనక ఒక పెద్ద గుడ్డ కట్టారు. మేడంత ఎత్తు. పశుపతి శిఖరం రూపురేఖల్ని జనం చూసి గర్వించాలని, ఆ ఒక్కరోజుకి రహస్యం ముద్ర ఎత్తేసి, దానిమీద నీలిరంగులో గీయించారు. గుడ్డ సరిగ్గా కొండకి అడ్డంగా వచ్చింది.

డైరెక్టర్‌గారు మైకు అందుకున్నారు. "ప్రకృతి కొన్నిచోట్ల వెనకబడి ఉంటుంది. దాన్ని మన స్థాయికి తీసుకురావడమే విజ్ఞానం..."

చక్రధర్ వేదిక పక్కన మీట ఉన్న బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. సన్మానం వాడికే. మెళ్ళో దండ కూడా పడింది. ఆ బంతిపూల వాసనకి మళ్ళీ ఏప్రిల్ నెల పడవ గుర్తొచ్చి కళ్ళు తిరుగుతున్నాయి.

అప్పుడొచ్చాడు గురయ్య. అతను సముద్రంలోంచి వచ్చాడు, మోకాళ్ళదాకా తడిసి. చివరిసారి కొండని నీళ్ళమీంచి చూసుకుందామని ఒక్కడే వెళ్ళాడట. వస్తూ వస్తూ ఒడ్డు మీద రెండు కొండలు చూశాడు. ఒకటి గుడ్డ మీద, ఒకటి గుడ్డ వెనక. నేరుగా చక్రధర్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"బాబూ," అన్నాడు మెల్లిగా, "ఆ గుడ్డమీద బొమ్మ, సముద్రంలో కొండా?"

"ఔను తాతా."

"దాని నెత్తిన బుడిపి ఏటి?"

"లావా. గట్టిపడ్డ లావా."

"ఓహో." గురయ్య కాసేపు చూశాడు. "ముప్పయ్యెనిమిదేళ్ళుగా నానింటికొచ్చే కొండ బాబూ అది. మా ఆడదాని మొకమైనా మర్సిపోతానేమో గాని..."

"మర్సిపో, సూద్దారి," అంది వెనకనుంచి నూకరత్నం. ఆమె కూడా గుడ్డకేసి చూసింది. చూసి నోటిమీద చెయ్యేసుకుంది. "ఒలమ్మా! ఆ లావాలోంచేనా మాకు మంచినీల్లొత్తన్నాయి?"

చక్రధర్ గుడ్డకేసి చూడకుండా దండ సర్దుకున్నాడు.

"నీ కడుపు కుదురుతాదని కొండకేసి సూడమన్నాను," అన్నాడు గురయ్య. గొంతులో కోపం లేదు, అదే పెద్ద బాధ. "సూడమన్నాను గాని బాబూ, ఎత్తుకుపొమ్మన్లేదు. సెప్తావా? నన్ను సెప్పమంటావా?"

మైకులో డైరెక్టర్‌గారు, "ఇప్పుడు ఈ శుభ ఘడియన..." అంటూ మీట వైపు చెయ్యి చాపారు.

చక్రధర్ మీట మీద పడ్డాడు. నిజంగానే పడ్డాడు, బోర్లా, దండతో సహా, దాన్ని పొట్ట కింద దాచుకుని. జనం లేచి నిలబడ్డారు.

"ఏమిటోయ్ ఇది?" అన్నారు డైరెక్టర్‌గారు.

"ఆపండి సార్. ఆ కొండ లేదు సార్."

"లేదేమిటి! నువ్వే కనుక్కున్నావు!"

"లేదంటే... ఉందండి. కానీ సముద్రంలో లేదు."

"మరెక్కడుంది?"

"మీ వెనకాల ఉంది సార్."

మీట వదల్లేక కాలుతోనే గుడ్డ కట్టిన తాడుని తన్నాడు. ముడి జారింది. నీలిరంగు పశుపతి శిఖరం జరజరా కిందికి దిగిపోయింది. దాని వెనక, అదే ఎత్తులో, అదే వాలుతో, అదే మూపురంతో, ఎండలో తెల్లగా మెరుస్తూ ట్యాంకుతో సహా, కొండ అక్కడే నిలబడి ఉంది. ట్యాంకు మీద 'చింతరేవు గ్రామ పంచాయతీ, నీటిని వృథా చేయకండి' అని రాసి ఉంది.

పశుపతిరావుగారు కొండని చూశారు. పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉద్యోగం చేస్తూ ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారి. లావాని చదివారు.

జనం నవ్వులు అలలాగా వెనక వరసల నుంచి ముందుకి వచ్చాయి. ఆ గోలలో ఒక్క మనిషి మాత్రం కంగారు పడలేదు. ఏ.ఓ. గారు సంచీలోంచి రూల్సు పుస్తకం తీసి, పేజీలు తిప్పి, వేలు పెట్టారు.

"ఒకే కొండ రెండుచోట్ల ఉండరాదు," అన్నారు. ఆయన మొహంలో ఎన్నడూ లేని వెలుగు. "ముందు ఎక్కడ నమోదైందో అక్కడే ఉన్నట్టు. ఈ కొండ రెవెన్యూ పటంలో వందేళ్ళ కిందటే ఉంది. కాబట్టి సముద్రంలోది రద్దు. నిషేధమూ రద్దు. పేలుడు అక్కర్లేదు. సముద్రానికిచ్చిన నోటీసు ఉపసంహరించుకుంటున్నట్టు మరో కర్ర పాతాలి."

నూకరత్నం తక్కిన ముక్కలు వినలేదు. 'నిషేధమూ రద్దు' దగ్గరే బుట్ట ఎత్తుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, రేవు వైపు కేకలేసుకుంటూ పరిగెత్తింది. ఆమె వెనక తొంభై పడవల జనం. కుర్చీలు ఖాళీ అయిపోయాయి. వేదిక దగ్గర మిగిలింది నలుగురే.

"ఇక నీ వాంగ్మూలం," అన్నారు ఏ.ఓ. గారు, కలం మూత తీసి. "లేచి చెప్పు. ఎందుకు చేశావు?"

చక్రధర్ లేచాడు. దండ నలిగిపోయింది. ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. మిషను పాడైందని, బ్యాటరీ అయిపోయిందని. పక్కన గురయ్య నిలబడి ఉన్నాడు, తడిసిన పంచె పిండుకుంటూ.

"నాకు సముద్రం పడదండి," అన్నాడు చక్రధర్. "అస్సలు పడదు. పుట్టింది పాలకొండలో. చెరువులో తెప్పెక్కినా తిప్పుతుంది. ఆ నలభై నిమిషాలూ నేను ఒక్క అంకె చూడలేదు. వాంతులు చేసుకుంటూ కొండని చూశాను. ట్యాంకు మాత్రం... కావాలనే వేశానండి. ఎవరైనా నవ్వుతారని."

ఏ.ఓ. గారు ప్రతి ముక్కా రాసుకున్నారు. 'వాంతులు' దగ్గర కలం ఆగింది.

"ఎన్ని?"

"తొమ్మిది బాబూ," అన్నాడు గురయ్య జాలిగా. "నానే తలట్టుకున్నాను. పాపం, అన్నీ లెక్కెట్టినాను."

ఏ.ఓ. గారు 'తొమ్మిది' అని రాయబోయారు.

"పదకొండు సార్," అన్నాడు చక్రధర్ తల వంచుకుని. "రెండు తాత చూడలేదు."